ఎదురీదే రాతిచేపలు

ఆ తాడు ముప్పై ఒక్క ఏళ్ళుగా బానక్క ఇంటి అటక మీదే ఉంది. ఏటా దసరాకు ఇల్లు దులిపేటప్పుడు ఆమె దాన్ని దించి, తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, మళ్ళీ చుట్ట చుట్టి అక్కడే పెట్టేది. బట్టలు ఆరేసుకోవడానికి బాగుంటుంది కదా అని మొగుడు మల్లేశు ఒకసారి అన్నందుకు, రెండు రోజులు అతనికి అన్నం పెట్టింది గాని మాట పెట్టలేదు.

అది గాలాల తాడు. ఒక కొసను ప్రాణహిత గట్టున చెట్టుకు కట్టి, రెండో కొసను మణికట్టుకు తగిలించుకుని, పడవలో పోతూ, రెండు చేతులు చాచినంత బారకొక గాలం చొప్పున ఏటిలోకి వదిలే తాడు. తంగేడు చెక్క ఉడికించిన నీళ్ళు తాగి ఎర్రబడి, ఇనుపతీగలా గట్టిపడింది. దానికి ఇప్పుడు గాలాలు లేవు, ముడులు మాత్రం ఉన్నాయి. అవి బానక్క తండ్రి అంకన్న వేసిన ముడులు. "దీన్ని పారెయ్యకు బిడ్డా, నా మాటకు సాక్ష్యం ఇదొక్కటే" అని చెప్పి ఆయన కన్ను మూశాడు.

ఆ మాట ఏమిటో ఏటిగూడెంలో అందరికీ తెలుసు. తెలిసే నవ్వుకునేవారు.

బానక్కకు పద్నాలుగేళ్ళప్పుడు అంకన్న వడగళ్ళ వానకు చిక్కి, ఏటి గట్టునుంచి పరుగెత్తి, దొంతులగుట్ట కింద ఒక గుహలో దూరాడు. కుండల మీద కుండలు పేర్చినట్టు పలకల మీద పలకలుగా లేచిన గుట్ట అది. గుహ లోపలికి ఎంత దూరం పోతుందో చూడాలని ఆయనకు బుద్ధి పుట్టింది. గాలాల తాడు ఒక కొస గుహ ముందరి మేడిచెట్టుకు కట్టి, దివిటీ వెలిగించుకుని లోపలికి నడిచాడు. తిరిగి వచ్చి, లోపల రాతి చేపల ఏరు పారుతోందనీ, దాని ఒడ్డున రోళ్ళు వరసగా పేర్చినట్టు ఏదో పెద్ద జంతువు వెన్నెముక ఉందనీ చెప్పాడు. రుజువుకు ఒక రాతిచేపను పెళ్ళగించి తెచ్చాడు. తొందరలో దాని తోక విరిగి లోపలే ఉండిపోయింది.

ఆ సంగతి నగరానికి చేరి, అక్కడినుంచి ఇద్దరు అధికారులు వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. ఈలోగా వానలకు గుట్ట ముందుభాగం విరిగిపడింది. అంకన్న మూడు రోజులు వాళ్ళ ముందు తవ్వాడు. గుహ కనిపించలేదు. తాడు తెచ్చి ముడులు చూపించాడు. ముడులు వేసిన తాడు దేనికి రుజువు అని వాళ్ళు చేప రాయిని తీసుకుని వెళ్ళిపోయారు. ఆ రాయిని ఎక్కడినుంచో తెచ్చి పెద్దవాళ్ళను తిప్పించాడని ఊరు తీర్మానించింది. ఆనాటి నుంచి ఆయన రాళ్ళ అంకన్న అయ్యాడు. బతికిన ఏడేళ్ళూ ప్రతి ఎండాకాలం ఒక్కడే గడ్డపార భుజాన వేసుకుని పోయి అక్కడే తవ్వేవాడు.

బానక్క ఆ పేరు ఎన్నడూ నోట పలకలేదు. ఎవరి బిడ్డవని కొత్తవాళ్ళు అడిగితే, మల్లేశు పెండ్లానని చెప్పి తప్పించుకునేది.

మిరుగం కార్తె పోయిన పదో రోజున ఆమె ఇంటి ముందు ఒక జీపు ఆగింది. దిగినావిడ పేరు సబీహా. కరీంనగర్ పిల్ల, ముప్పై ఏళ్ళుంటాయి, రాళ్ళలో ప్రాణుల ఆనవాళ్ళు చదివే చదువు చదివింది. పాత రికార్డులో ఏటిగూడెం పేరు చూసి, ఊళ్ళో అడుగుతూ వచ్చానంది. బానక్క చేతి చాయ తాగి, నగరంలోని ప్రదర్శనశాలలో ఉన్న ఒక రాయి బొమ్మ ఫోనులో చూపించింది. అరచేతి మందం పలకలో మూరెడు చేప. పొలుసులు లక్క పూసినట్టు నిగనిగలాడుతున్నాయి. తోక లేదు. కింద ఒక అట్టముక్క మీద నాలుగు ముక్కలు రాసి ఉన్నాయి. అయిదో తరగతి చదివిన బానక్క వాటిని కూడబలుక్కుని పైకి చదివింది.

"చేప శిలాజం. దొరికిన స్థలం అనుమానాస్పదం. తెచ్చిన వ్యక్తి చూపలేకపోయాడు."

ఆమె ఫోను తిరిగి ఇచ్చేసి, చాలాసేపు చీరకొంగుతో గ్లాసు తుడుస్తూ కూర్చుంది.

"తెచ్చినాయనకు పేరు లేదా మేడం?" అంది చివరికి.

సబీహా తల దించుకుంది. నెలాఖరుకు ఆ ప్రదర్శనశాలలో చోటు తెలియని రాళ్ళన్నిటినీ కింది గోదాములోకి పంపేస్తున్నారనీ, ఒకసారి గోదాములోకి పోయిన రాయిని మళ్ళీ ఎవరూ తెరిచి చూడరనీ చెప్పింది. తనకు మూడు రోజులే సెలవు ఉంది. రాయి ఎక్కడిదో తేలకపోతే, ఆ అట్టముక్క మీది మాటే అంకన్న గురించి మిగిలే చివరి మాట.

బానక్క లేచింది. నిచ్చెన వేసుకుని అటకెక్కింది.

తాడు వాకిట్లో పరచి చూస్తే తొంభై రెండు బారలు వచ్చింది. దాని మీదివి గట్టున ఎవరైనా వేసుకునే ముడులే. ఏటిలో బండ కుడిచేతికి ఉంటే ఒంటి ముడి, ఎడమచేతికి ఉంటే జంట ముడి. చీకట్లో తాడు లాగేటప్పుడు చేతికి తగిలితే చాలు, ఎక్కడ పడవ తిప్పాలో తెలిసిపోతుంది. అంకన్న గుహలో మలుపు మలుపుకూ అదే పని చేశాడు, కుడి మలుపుకు ఒంటి ముడి, ఎడమ మలుపుకు జంట ముడి. సబీహా తాడునూ, దూరంగా చెట్లపైన కనిపిస్తున్న గుట్టనూ మార్చి మార్చి చూసింది.

"తొంభై రెండు బారలంటే గుట్ట నడుము దాటినట్టే అక్కా. ఆ కొసకు పోయినంక ఆయనకు ఏమన్న తెలిసిందా? చెప్పిండా?"

"గాలి మొకానికి కొట్టిందన్నడు. తాడు ఒడిసింది, మర్లి వచ్చిన అన్నడు."

గాలి వచ్చిందంటే అటువైపు కూడా సందు ఉండాలి. గుహ లోపల వేసిన కొలతనే గుట్ట మీద, అవే మలుపులతో పరిస్తే, ఆ సందు పైకి చేరవచ్చు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట అందరూ మూసుకుపోయిన మూతినే తవ్వారు. అంకన్న కూడా అంతే.

మర్నాడు తెల్లవారగానే ముగ్గురు బయలుదేరారు. మూడో మనిషి ఓదేలు, మల్లేశు తమ్ముడు. మల్లేశుకు మోకాళ్ళ నొప్పులు, గుట్ట ఎక్కలేడు. ఓదేలు ఆ అడవిలో తేనె తీసి బతికే మనిషి. గొడ్డలి, గడ్డపార, నోరు, మూడూ ఎప్పుడూ వెంటే ఉంటాయి. దొంతులగుట్టలో గోండు రాజులు బంగారం దాచారని అతని గట్టి నమ్మకం.

రేవు దగ్గర పడవకు తారు పూస్తున్న పోశెట్టి వాళ్ళను చూసి, రాళ్ళ అంకన్న బిడ్డ కూడా రాళ్ళ వేటకే పోతాందని పక్కవాడితో వినబడేలా అన్నాడు. బానక్క తలెత్తలేదు. అడుగు మాత్రం వేగంగా వేసింది.

"బంగారం గిట్ల దొరికితే నాకో కడియం చేయించు వదినె, సాలు," అన్నాడు ఓదేలు, ఆమె ముఖం చూసి.

"నీకు కడియం కాదు, నోటికి తాళం చేయిస్త. నడువు."

టేకు చెట్ల కింద నేల ఇంకా తడిగా ఉంది. కొత్త చిగుళ్ళ వాసన, కుళ్ళిన ఆకుల వాసన కలిసి ముక్కుకు తగులుతున్నాయి. ఎండ నెత్తికెక్కే వేళకు మేడిచెట్టు చేరారు. ఏటివైపు గుట్ట పాదంలో, విరిగిపడిన బండల మధ్య, అది పక్కకు వాలి బతికే ఉంది. దాని పక్కన ముళ్ళపొదలు కమ్మిన లోతైన గొయ్యి. తండ్రి తవ్విన గొయ్యి. బానక్క దాని వైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది.

అక్కడినుంచి తాడు పరచడం మొదలుపెట్టారు. బానక్క మణికట్టు కొసనుంచి బారలు లెక్కపెడుతూ ముందు నడిచి ముడి వచ్చినప్పుడల్లా కేక వేసేది. ఓదేలు గొడ్డలితో దారి చేసేవాడు, సబీహా దిక్సూచి చూసి గీత గీసేది. మొదటి ముడి పదిహేడు బారలకు వచ్చింది. జంట ముడి గనుక ఎడమకు తిరిగారు. పలకల మీద పాకుతూ, లతలు పట్టుకుని వేలాడుతూ, రెండు గంటలు కష్టపడి తాడు ఒడిసి అయిపోయినచోటికి చేరారు. అది బోడి బండ. దాని మీద ఎండలో ఒక తొండ కూర్చుని వాళ్ళను చూసి తల ఆడించింది.

"ఇగో, నీ గుహ కావలిదారు," అన్నాడు ఓదేలు.

ఎవరూ నవ్వలేదు. చెట్టు నీడన కూర్చుని జొన్నరొట్టెలు, ఎండుచేపల తొక్కు విప్పుకున్నారు. సబీహా లెక్కలు మళ్ళీ చూసుకుంటోంది. బానక్కకు ముద్ద దిగడం లేదు. ఊరు అన్నదే నిజమేమో, నాయిన ఈ ముడులన్నీ ఇంట్లో కూర్చుని వేశాడేమో అన్న ఆలోచన, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆమె గుండెలోకి పాములా దూరింది. చేతికి ఏదో ఒక పని కావాలి గనుక, తాడును లాగి చుట్టేసి, కొసనున్న ఉచ్చును మణికట్టుకు తగిలించుకుని, తీసి, మళ్ళీ తగిలించుకుంటోంది.

ఉన్నట్టుండి ఆ చేయి ఆగిపోయింది.

ఏటి మీద బతికేవాళ్ళు తాడును ఎప్పుడూ మణికట్టు కొసనుంచే లెక్కపెడతారు. తెల్లారి తాడు లాగేది ఆ కొసనుంచే గనుక పుట్టినప్పటినుంచీ ఆమె చేతికి అదే అలవాటు. కానీ నాయిన ఆనాడు చెట్టుకు కట్టింది రెండో కొస. ఈ ఉచ్చు ఆయన మణికట్టుకు ఉంది, ఆయనతోపాటు లోపలికి పోయింది. ఆయన వేసిన మొదటి ముడి చెట్టు కొసకు దగ్గరది. తాము చివరి ముడితో మొదలుపెట్టారు.

"ఓదేలు, రొట్టె మూట గట్టు. తాడు తిరగేద్దాం."

మేడిచెట్టు దగ్గరికి దిగివచ్చి మళ్ళీ మొదలుపెడితే, ఈసారి పద్ధెనిమిది బారలకు ఒంటి ముడి వచ్చింది. కుడికి తిరిగారు. తర్వాత ముప్పై బారలకు జంట ముడి, మరి ఇరవై ఏడుకు ఇంకో జంట ముడి. గుట్ట వీపు దాటి పడమటి వాలులోకి దిగారు. అప్పటికి మబ్బు పట్టింది. తాడు ఒడిసినచోట ఏమీ లేదు గాని, కిందగా పది బారల దూరంలో ఉత్తరేణి పొద ఆకులు కదులుతున్నాయి. చుట్టుపక్కల ఎక్కడా ఆకు కదలడం లేదు. ఓదేలు గొడ్డలితో పొద నరికాడు. గబ్బిలాల వాసనతో చల్లటి ఊపిరి ముగ్గురి ముఖాలనూ తాకింది. మనిషి బోర్లా పడుకుని దూరేంత సందు.

చెట్టు కొసను బయట ఒక టేకు మొదలుకు కట్టి, ఉచ్చును మణికట్టుకు తగిలించుకుని, చుట్టను భుజాన వేసుకుని, తండ్రి పోయినట్టే బానక్క ముందుగా దూరింది. పదడుగులు పాకాక లేచి నిలబడేంత ఎత్తు వచ్చింది. సబీహా నెత్తిమీది దీపం వెలుగులో గోడలు తేనెరంగులో మెరిశాయి. పక్కలకు సందులు చీలిపోతున్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. కొంత దూరం పోయాక గోడ పగులులో ఏదో నల్లగా కనిపించింది. బానక్క వేలితో తడిమింది. తుప్పుపట్టిన గాలం. దాని కింద బండ మీద దివిటీ మసి.

తాడు ఒడిసినచోట నాయిన వదిలిన గుర్తు అది.  ఆమె గాలాన్ని తియ్యలేదు. అరచేతిని ఆ మసి మీద కాసేపు ఆనించి ఉంచింది.

అక్కడినుంచి నేల వాలుగా కిందికి దిగింది. సబీహా దీపం కిందికి తిప్పింది.

నేల నిండా చేపలు. వందలు. మూరెడువి, జానెడువి, వేలెడువి. రెక్కలు విప్పుకుని, పొలుసు పొలుసూ లెక్కపెట్టేంత స్పష్టంగా, ఇప్పుడే వల దులిపి పోసినట్టు ఉన్నాయి. అయితే వల దులిపితే కలగాపులగంగా పడతాయి. ఇవి అన్నీ ఒకే వైపు తలలు పెట్టి, బారులు తీరి ఉన్నాయి. ఎడమపక్క గట్టులా లేచిన పలకలో, ఒకదాని వెనక ఒకటి పదకొండు రోళ్ళు. ఒక్కొక్కటీ బానక్క ఇంట్లో పచ్చడి నూరే రోలంత ఉంది.

"రాక్షసబల్లి వెన్నుపూసలు," అంటూ సబీహా వంగి, ఒక్కొక్కదాన్నీ వేలితో ముట్టి చూసింది.  తర్వాత బానక్కకు అర్థమయ్యేటట్టు చెప్పుకొచ్చింది. ఈ చేపలు ఈదేనాటికి ప్రాణహిత పుట్టలేదు. హిమాలయాలు లేవు. మనం నిలబడ్డ నేల, ఇప్పుడు సముద్రం అవతల ఉన్న దేశాలతో అతుక్కుని ఒకే ముద్దగా ఉండేది. అందుకే ఈ జాతి ఎముకలకు చుట్టాల్లాంటి ఎముకలు అక్కడా దొరుకుతాయి. ఎముకకు అబద్ధమాడటం రాదు. నేల ఎక్కడినుంచి ఎక్కడికి కదిలిందో, ఎక్కడ నీళ్ళుండేవో, ఎక్కడ ఇసుక మేట వేసిందో ఇలాంటి దొంతులు విప్పి చూస్తేనే తెలుస్తుంది. ఇది జరిగి పదిహేడు, పద్ధెనిమిది కోట్ల ఏళ్ళు.

మా నాయిన చెప్పింది అక్షరం పొల్లు పోలేదు, అనుకుంది బానక్క. చేపల ఏరు. ఒడ్డున రోళ్ళ వరస.

ఓదేలుకు కోట్ల ఏళ్ళ సంగతి తలకెక్కలేదు. దీపం వెలుగులో పొలుసుల నిగారింపు మాత్రం కంటికెక్కింది. ఇంత మెరుస్తోందంటే లోపల ఏదో ఉండే ఉంటుందనుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ వంగి చూస్తుండగా, వెనకపక్క గోడ సందులో గడ్డపార దూర్చి ఒక్క ఊపు ఊపాడు.

గుట్ట కడుపులో ఏదో గుర్రుమంది. ముందు గుప్పెడు మట్టి రాలింది. తర్వాత పలక. ఆ తర్వాత పైకప్పే కదిలింది. "కిందికి!" అని అరిచి బానక్క మరిది చొక్కా పట్టి లాగింది. ముగ్గురూ వాలు మీద దొర్లారు. చెవులు గింగురుమనే చప్పుడు ఆగాక చూస్తే, వచ్చిన దారి నిలువునా మూసుకుపోయింది. ఆమె భుజం మీది చుట్టనుంచి బిగుసుకుని పోయిన తాడు బండల కిందికి దూరి మాయమైంది.

దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది. ఓదేలు నెత్తి పట్టుకుని కూర్చున్నాడు.  బానక్క అతన్ని తిట్టలేదు. తిట్టేదానికి ఇంటికి పోయినంక చానా పొద్దు ఉన్నదని మాత్రం అంది. తాడును రెండు సార్లు లాగి చూసింది. ఇంచు కూడా కదల్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఎలుక పంటికి కూడా తగలకుండా కాపాడిన తాడు. రొంటినుంచి చేపలు కోసే కత్తి తీసింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఒకే కోతకు కోసేసింది. ఆమె చేతిలో యాభై బారల ముక్క మిగిలింది.

అప్పుడే పైన ఎక్కడో ఉరిమింది. కాసేపటికి గోడల పగుళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలైంది. సన్నటి ధార వెడల్పయింది. చూస్తుండగానే రాతిచేపల మీదుగా నిజమైన ఏరు పారసాగింది.

ఇక్కడే ఉండి బండలు తొలగిద్దామన్నాడు ఓదేలు. కిందికి పోతే నీళ్ళు నిండి మునుగుతామని సబీహా భయం.  బానక్క నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని, దీపం ఇటు తిప్పమని సైగ చేసి, చేపల వైపే చూస్తోంది.

"మేడం, ఇవి తప్పు దిక్కు నిలవడ్డయి."

"అంటే?"

"నీళ్ళు తోకల దిక్కునుంచి తలల దిక్కుకు పోతున్నయి సూడు. పానమున్న చేప అట్ల నిలవడదు. నీటికి ఎదురు మొకం పెడతది. ఒక్కటంటే తప్పుతది. ఇన్ని వందలు తప్పయా?" ఆమె అరచేతిని వాలు మీద ఆనించింది. "చేపలు తప్పలే. నేలే ఒరిగింది. వీటి కాలంల గిదే ఎగువ, మనం వచ్చిందే దిగువ. బురద వచ్చి ఒక్క దెబ్బకు కప్పేసింది, నిలవడ్డయి నిలవడ్డట్టే ఉండిపోయినయి."

మోకాలి లోతు నీళ్ళలో, బయటికి దారి లేని గుహలో ఉన్నామన్నది సబీహా మరిచిపోయింది. దిక్సూచి తీసింది, వాలు చూసింది, మళ్ళీ చేపల తలలు చూసింది. ఎగువగా ఉన్న నేల కుంగి, దిగువగా ఉన్నది లేచి, ఒక ఏరు పారే దిక్కే తిరగబడింది. ఆ కథంతా ఈ తలలే చెబుతున్నాయి.

"ఈ మాట అనాలంటే నాకు మూడు నెలల కొలతలు కావాలె అక్కా," అంది మెల్లగా.

"నాకు ముప్పై ఏండ్ల గాలాలు," అని బానక్క లేచింది. "వీటి ఏరు వీటితోనే పోయింది. మనం ఇయ్యాల్టి నీళ్ళ ఎంట పోవాలె. చెవి పెట్టి ఇనుండ్రి. నీళ్ళు మడుగు కడితే సప్పుడు మూతపడతది. ఇది మూతపడతలేదు. కింద ఎక్కడనో బయటికి పోతున్నది."

నీటిని నమ్మితే చాలదు. పక్క సందుల్లోకీ నీళ్ళు చీలిపోతున్నాయి. దారి చెప్పేది నాయిన తాడే. గాలం దగ్గరినుంచి ఇక్కడికి దిగిన బారలు లెక్కలో వేసుకుని, ఆమె ఉచ్చు పట్టుకుని వేళ్ళతో తడుముతూ బయలుదేరింది. పదిహేడు బారలకు జంట ముడి. పొద్దున బండల మీద తప్పుగా లెక్కపెట్టిన లెక్క ఇదే. ఇప్పుడు నాయిన తిరిగి వచ్చిన దారిలో నడుస్తున్నారు గనుక ఇదే సరైన లెక్క. ఎదురుగా వస్తున్నారు గనుక ఆయన ఎడమ తమకు కుడి అవుతుంది. "కుడికి!" అని అరిచింది. ఎడమవైపు సందులో నీళ్ళు సుడి తిరుగుతూ లోతుకు దూకుతున్నాయి. ఒక్క అడుగు అటు వేస్తే ముగ్గురూ పోయేవాళ్ళే.

మరి ఇరవై ఏడు బారలు. మళ్ళీ కుడి. అక్కడికి చేతిలోని ముడులు అయిపోయాయి. మిగిలిన ముడి బండల కింద ఉన్న ముక్కలో ఉంది. బానక్క కళ్ళు మూసుకుంది. దసరా దసరాకూ తడిగుడ్డతో తుడిచిన తాడు. ఏ ముడి ఎక్కడుందో ఆమె వేళ్ళకు తెలుసు. చేతులు చాచి గోడ వెంట ముప్పై బారలు కొలుచుకుంటూ నడిచింది. "ఎడమకు." నీళ్ళు నడుములదాకా వచ్చాయి. సబీహా దీపం మిణుకుమంటోంది. ఓదేలు ఇద్దరి వెనకా నిలబడి, నీటి ఒరవడికి వాళ్ళు జారకుండా తన వీపు అడ్డం పెట్టాడు.

పద్ధెనిమిది బారలు కొలిచేసరికి ఎదురుగా బండల గోడ. దాని అడుగున సందుల్లోంచి నీళ్ళు చప్పుడు చేస్తూ బయటికి పోతున్నాయి. బండల మధ్యనుంచి మనిషి తొడంత వేరొకటి లోపలికి చొచ్చుకుని వచ్చింది. ఓదేలు దాన్ని గోకి వాసన చూశాడు.

"మేడి వేరు వదినె. నీ తల్లిగారింటికి వచ్చినం."

గడ్డపార వేరు కిందికి పోనిచ్చి, ఈసారి చూసి, మెల్లగా, ఒక్కొక్క రాయే తీశాడు. ముప్పై ఎనిమిదేళ్ళ వాననీళ్ళు అప్పటికే సగం పని చేసి పెట్టాయి. వాళ్ళ వెనక పేరుకున్న నీళ్ళు కూడా బలం పెట్టాయి. పిడికెడు వెలుగు కనిపించింది, తర్వాత చాటంత.

ఆ వెలుగులో సబీహా పక్కగోడ వైపు చూసి, "అక్కా" అని పిలిచింది. నడుము ఎత్తున పలకలో మూరెడు గుంట ఉంది. ఎవరో పెళ్ళగించిన గుంట. దాని చివర, రాతిలోనే ఉండిపోయి, విసనకర్రలా విప్పుకున్న చేప తోక. ఆమె తడిచేతులతో ఫోను తీసి, ప్రదర్శనశాలలోని చేప బొమ్మను ఆ గుంట పక్కన పట్టుకుంది. విరిగిన అంచు వంకరకు వంకర సరిపోయింది.

బానక్క గోడకు ఆనుకుని, ఆ లోతు నీళ్ళలోనే నిలబడి ఏడ్చింది.

 ఆ తోకను పెకలించి తీసుకుపోదాం, పోశెట్టి ముందర విసిరేద్దాం అన్నాడు ఓదేలు. బానక్క అతని చేతిలోని గడ్డపారను పట్టి ఆపింది.

"మా నాయిన చేసిన తప్పు గదొక్కటే. రాయిని దాని జాగల నుంచి తీసిండు. జాగ ఇడిచిన రాయి మాట ఎవరు ఇంటరు? తోక ఈడనే ఉండాలె. చేపను తెచ్చుకొని వాళ్ళే సూసుకోవాలె."

ముగ్గురూ పాకి బయటికి వచ్చేసరికి వాన వెలిసి, ఏటి మీద సాయంకాలపు ఎండ పరుచుకుంది. బానక్క ఒళ్ళంతా మట్టి. వెనక్కి తిరిగి, గుహ మూతినీ, ముళ్ళపొదల్లోని పాత గొయ్యినీ చూసింది. ఆ రెంటి మధ్యా చేతులు చాచి కొలిచింది. ఒకటిన్నర బార. నాయిన ఏడేళ్ళు తవ్విన గొయ్యికి, ఆయన నిజానికి మధ్య దూరం అంతే.

ఇరవై రోజుల తర్వాత రెండు జీపులు ఏటిగూడెం వచ్చాయి. దూదిలో చుట్టిన చేప పలకను నలుగురు జాగ్రత్తగా మోసుకెళ్ళారు. ఊరంతా వెనకే నడిచింది. తారు చేతులతో పోశెట్టి కూడా వచ్చాడు. గుహలోపల సబీహా పలకను గుంటలో ఆనించినప్పుడు, దీపాల వెలుగులో చేప ఒంటికీ తోకకూ మధ్య గోరు దూరేంత సందు కూడా మిగల్లేదు. తల వెలుగువైపు, ప్రాణహిత వైపు తిరిగి ఉంది. ఒకనాటి తన ఎగువ వైపు.

బయట మేడిచెట్టు కింద, తెల్లజుట్టు అధికారి ఒకాయన మోకాలి మీద పుస్తకం తెరిచి పెట్టుకున్నాడు. స్థలం రాశాడు. దిక్కు, వాలు రాశాడు. మొదట కనుగొన్న వ్యక్తి అన్నచోట కలం ఆపి, బానక్క వైపు చూశాడు.

"మీరు ఆయనకు ఏమవుతారమ్మా?"

గుట్టవాలు నిండా జనం. బానక్క వాళ్ళందరికీ వినబడేటట్టు, తొందర లేకుండా చెప్పింది.

"రాళ్ళ అంకన్న బిడ్డను."

ఎవరూ నవ్వలేదు. అధికారి కొంచెం తటపటాయించి, రాళ్ళ అన్న మాట కూడా రాయాలా అని అడిగాడు.

"రాయుండ్రి సారూ. అది ఇడిచిపెడితే మా నాయిన పేరు సగమే అయితది."